నెట్ స్లో అయితే ప్లాన్ మార్చండి, ఇంకేమీ ముట్టుకోకండి

ఈ సలహాలు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నల్లగండ్ల, కోకాపేట వాస్తవ్యుల కోసం. 40 ఎంబీపీఎస్‌తో హాయిగా కాలక్షేపం చేస్తున్న మలక్‌పేట, వనస్థలిపురం వాళ్ళు ఇవి చదివి మనసు పాడుచేసుకోవద్దని మనవి.

సాయంత్రం ఏడున్నర. అవతల న్యూజెర్సీలో క్లయింటు కాఫీ కప్పుతో కూర్చున్నాడు. మీరు స్టేటస్ చెబుతుండగా మీ మొహం ఒక కన్ను సగం మూసి, నోరు తెరిచి, అలాగే బిగుసుకుపోయింది. హాల్లో అత్తయ్యగారి సీరియల్ మీద గుండ్రం తిరుగుతోంది. లోపలి గదిలోంచి పిల్లాడు "పింగ్ మూడొందలు!" అని కేకేశాడు. ఇక ఆలోచించకండి. ఆలోచిస్తే లేవాల్సి వస్తుంది. లేస్తే రూటరు దాకా వెళ్ళాలి. అది టీవీ యూనిట్ వెనక ఉంది. దాని ముందు బొబ్బిలి వీణ బొమ్మ, ఆఫీసులో ఇచ్చిన ఐదేళ్ళ సర్వీసు షీల్డు, చార్జింగ్ పోయిన రెండు పవర్ బ్యాంకులు ఉన్నాయి. అవి తీసి కింద పెడుతుంటే "ఇప్పుడవన్నీ ఎందుకు కదుపుతున్నట్టు?" అని ఇంట్లోంచి ప్రశ్న వస్తుంది. అదే ఫోన్‌లో యాప్ తెరిచి అప్‌గ్రేడ్ నొక్కితే అరనిమిషం. ఎవరూ ఏమీ అనరు, పైగా ఏదో చేశారన్న పేరు వస్తుంది. ఈ ఐటీ కారిడార్‌లో అమ్ముడుపోయిన పెద్ద ప్లాన్లలో సగం ఈ అరనిమిషంలోనే అమ్ముడయ్యాయని నా గట్టి నమ్మకం.

స్పీడ్ టెస్ట్ ఎలా చెయ్యాలి

ప్లాన్ పెంచే ముందు ఒక సాక్ష్యం చేతిలో ఉంటే మంచిది. స్పీడ్ టెస్ట్ చెయ్యండి, కానీ పద్ధతిగా చెయ్యండి. రూటరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోండి. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లోనే ఉంచండి, లేకపోతే అంకె ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది. పిల్లాడి గేమ్ అప్‌డేట్ దిగుతున్న సమయం చూసుకుంటే ఇంకా శ్రేష్ఠం.

వైఫై జాబితాలో మీ ఇంటి పేరు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. దాని జోలికి పోకండి. అది సెల్ టవర్‌దని, మొబైల్ డేటా అయిపోతుందని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఎప్పుడో తేల్చేసింది. ఆ ఐదు 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి గుర్తని, మొబైల్ 5జీతో దానికి ఏ చుట్టరికమూ లేదని పై ఫ్లోర్ డెవాప్స్ కుర్రాడు చెప్పబోతాడు. మామూలు 2.4 బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు 1, 6, 11 మూడే కాబట్టి, టవర్‌లో ఉన్న ఇళ్ళన్నీ ఆ మూడింట్లోనే తోసుకుంటాయని, వంటింట్లో మైక్రోవేవ్ కూడా అదే బ్యాండులో పనిచేస్తుందని, ఉప్మా వేడిచేసినప్పుడల్లా కాల్ తెగడానికి అదే కారణం కావచ్చని కూడా అంటాడు. ఆ అబ్బాయికి ఇంకా పెళ్ళి కాలేదు, తీరిక ఎక్కువ. "అంకుల్, ల్యాప్‌టాప్‌ని వైరుతో రూటరుకి పెట్టి, వీపీఎన్ తీసేసి, మిగతావన్నీ ఆపేసి ఒక్కసారి కొలవండి" అంటే మాత్రం అస్సలు వినకండి. అలా కొలిస్తే మీరు డబ్బు కట్టిన స్పీడు మొత్తం తెర మీద కనబడే అవకాశం ఉంది. అప్పుడు లోపం కంపెనీది కాదు, మీ ఇంటిదని తేలుతుంది. ఇంటి లోపం ఒప్పుకోవడం కంటే నెలకి ఇంకో ఐదొందలు కట్టడం తేలిక.

ఇంకో చిన్న సంగతి. స్పీడ్ టెస్ట్ యాప్ తనంతట తాను దగ్గర్లో ఉన్న సర్వరుని పట్టుకుంటుంది. చాలాసార్లు అది మీ కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అంటే మీ ఇంటికీ వాళ్ళ సర్వర్ గదికీ మధ్య ఎంత వేగమో అది చెబుతుంది, అక్కడి నుంచి ప్రపంచానికి ఎంతో చెప్పదు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ ఫాస్ట్ డాట్ కామ్ వాళ్ళ సొంత సర్వర్ల నుంచి కొలుస్తుంది. రెండూ చూసి పోల్చుకుంటే ఇబ్బంది ఎక్కడుందో కొంత తెలుస్తుంది. మనకెందుకు? పెద్ద అంకె వచ్చినదాన్ని స్నేహితులకి పంపండి, చిన్న అంకె వచ్చినదాన్ని కస్టమర్ కేర్‌కి పంపండి.

94 కథ

కొన్ని ఇళ్ళలో 200 ప్లాన్ తీసుకుంటారు. కొలిస్తే 94 వస్తుంది. పొద్దున కొలిచినా 94, అర్ధరాత్రి కొలిచినా 94. ఇలాంటి అంకె కనబడితే వెంటనే 300కి వెళ్ళండి. అక్కడా 94 వస్తే 500కి. 500లోనూ 94 వస్తే 1 జీబీపీఎస్‌కి. మీ పట్టుదల ముందు ఏదైనా దిగిరావాల్సిందే కానీ, ఈ 94 మాత్రం దిగదు, ఎక్కదు.

ఎందుకో తెలుసుకోవాలన్న కుతూహలంతో వైరు చివర చూసేవాళ్ళున్నారు. వాళ్ళకి ఏం కనబడుతుందో ముందే చెబుతాను, మీరు చూడనక్కర్లేకుండా. గోడలోంచి వచ్చిన బూడిదరంగు వైరు చివర గోరంత ప్లాస్టిక్ క్లిప్ ఉంటుంది, గాజులా అవతలికి కనిపిస్తుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఎనిమిది బంగారు రంగు పళ్ళు, వాటి వెనక రంగు తీగలు. నారింజ, నారింజ గీతల తెలుపు, ఆకుపచ్చ, ఆకుపచ్చ గీతల తెలుపు. అంతే, నాలుగు. నీలం జంట, గోధుమరంగు జంట తొక్క దగ్గరే కత్తిరించేసి ఉంటాయి. నాలుగు తీగలతోనూ నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దాటదు. అందులో ప్యాకెట్ల పైఖర్చు పోగా చేతికందేది 94, 95. గిగాబిట్ నడవాలంటే ఎనిమిదీ కావాలి. పాత అపార్ట్‌మెంట్లలో ఫైబర్ కిందనున్న స్విచ్ పెట్టె దాకానే వచ్చి ఆగుతుంది, అక్కడి నుంచి ఫ్లాటుకి ఇలాంటి రాగి వైరే ఎక్కుతుంది. ఆ ఎనిమిది తీగల్ని రెండుగా చీల్చి, ఒకే వైరుతో పక్కపక్క ఫ్లాట్లు రెండింటికీ కనెక్షన్ ఇచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. పొదుపంటే అది.

తీగలు ఎనిమిదీ ఉన్నా 94 వస్తోందా? అయితే రూటరు వెనక కన్నాలే 100వి అయ్యుండొచ్చు. డబ్బా మీద ఏసీ1200 అని బారెడు అక్షరాల్లో ఉంటుంది. అది రెండు బ్యాండ్ల వైఫై వేగాల్ని, 300నీ 867నీ, కూడి, పైకి సర్దిన అంకె. ఏ ఫోనుకీ ఆ కూడిక మొత్తం దక్కదు. వెనక పోర్టుల సంగతి డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అడుగున ఉన్నవి చదవడం మన అలవాటు కాదు.

క్రింపింగ్ టూల్ ఉన్నవాడికి ఆ క్లిప్ మళ్ళీ బిగించడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల కోసం టికెట్ పెట్టాలి. "టుడే బిఫోర్ ఎయిట్ పీఎం" అని మెసేజ్ వస్తుంది, ఆదివారమంతా స్నానం కూడా మానేసి ఎదురుచూడాలి. 1 జీబీపీఎస్ ప్లానే గౌరవం.

ఎంత కావాలో లెక్క వెయ్యొద్దు

లెక్క వేసి చెడినవాళ్ళున్నారు. జూమ్ గ్రూపు కాల్ పూర్తి హెచ్‌డీలో నడవడానికి 3, 4 ఎంబీపీఎస్ చాలంటుంది ఆ కంపెనీ. నెట్‌ఫ్లిక్స్ 4కే సినిమాకి 15, మామూలు ఫుల్ హెచ్‌డీకి 5 ఉంటే చాలంటుంది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి కాల్‌లో ఉండి, హాల్లో 4కే సినిమా, లోపల పిల్లాడి వీడియో కలిపినా 30 దాటదు. ఆన్‌లైన్ గేమ్ చాలావరకు ఆడేటప్పుడు 1 ఎంబీపీఎస్ కూడా సరిగా వాడుకోదు, దానికి వేగం కంటే ఆలస్యం లేకపోవడం ముఖ్యం. ఈ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పకండి. మీ బిల్లు మీద 300 అని ఉండగా 30 అనే అంకె బయటికొస్తే సమాధానం చెప్పుకోలేరు.

పెద్ద ప్లాన్ అసలు పనికిరాదని నేననను. వంద జీబీ గేము దించుకునేవాళ్ళకి, పెళ్ళి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కించేవాళ్ళకి, ఇంట్లో ఆరుగురు ఆరు తెరల ముందు కూర్చునేవాళ్ళకి అది నిజంగానే తేడా చూపిస్తుంది. కానీ అవసరం ఉన్నవాడు కొనడంలో గొప్పేముంది?

100 ప్లాన్‌లో ఫైలు దించుకుంటే సెకనుకి 12 అని కనబడితే మాత్రం పెద్ద గొడవ చెయ్యండి. 100 కట్టించుకుని 12 ఇస్తారా అని వినియోగదారుల ఫోరం పేరెత్తండి. ప్లాన్ బిట్లలో, డౌన్‌లోడు బైట్లలో ఉంటుందని, ఎనిమిది బిట్లు ఒక బైటని, వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర వస్తుందని అవతలి అమ్మాయి నెమ్మదిగా చెబుతుంది. మీరు ఇంజినీరింగ్ కంప్యూటర్ సైన్స్ అన్న సంగతి ఆమెకి చెప్పకండి.

పరువు కూడా ఒక లెక్కే. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చిన తొలి రోజుల్లో మోడెం కీచుమని అరిచి, ఫోన్ లైను మొత్తం ఆక్రమించి, ఒక ఫోటోని నెత్తి నుంచి గడ్డం దాకా దించడానికి టీ తాగొచ్చేంత సమయం తీసుకునేది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి చుట్టూ రాళ్ళగుట్టలు. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అని పేరు పెట్టడానికి 256 కేబీపీఎస్ ఉంటే చాలంది. ఆ గీత 2 ఎంబీపీఎస్‌కి ఎక్కింది 2023లో. ఈలోగా 2017 మార్చిలోనే యాక్ట్ కంపెనీ హైదరాబాద్‌లో ఇళ్ళకి 1 జీబీపీఎస్ తెచ్చింది. అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు, ధర నెలకి 5,999. రెండున్నరేళ్ళకి, 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ దిగాక ధరలు నేలకి వచ్చాయి. 2020 మార్చి 4న మైండ్‌స్పేస్‌లో ఒక భవనంలో కరోనా అనుమానమని ఉద్యోగుల్ని ఇళ్ళకి పంపినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఇంటి నెట్టంటే ఆఫీసు నెట్టే. ఇంత చరిత్ర మన వెనక ఉండగా, లిఫ్టులో "మీది ఎంతండీ?" అని అడిగితే "నలభై" అని ఎలా చెబుతారు? వారంలో మూడు రోజులు ఆఫీసుకే రమ్మంటున్నారు, ఇంటి నెట్ సగం రోజులు ఖాళీగా పడుంటోంది అన్నది వేరే విషయం.

అమెరికాని దగ్గరికి జరపడం

వీపీఎన్‌లో కమాండు కొడితే అక్షరం ఆగి ఆగి పడుతోందా? అది కూడా ప్లాన్ లోపమే అనుకోండి. మీ ఆఫీసు సర్వరు వర్జీనియాలో ఉంది. హైదరాబాద్ నుంచి సూటిగా గీత గీసినా సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు. అసలు దారి సూటిగా ఉండదు, ముంబయి నుంచో చెన్నై నుంచో సముద్రం కింద చుట్టూ తిరిగి పోతుంది కాబట్టి 200 పైనే చూస్తారు. మీరు 40 నుంచి 1 జీబీపీఎస్‌కి మారినా ఆ 200 అలాగే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డుకి ఎనిమిది లేన్లు వేసినంత మాత్రాన శంషాబాద్ గచ్చిబౌలి పక్కకి జరిగి రాదు. అయినా ప్రయత్నించడంలో తప్పులేదు.

2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. ఆ రోజుల్లో ప్లాన్ పెంచుకున్నవాళ్ళని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. మీ రూటరు నుంచి జెడ్డా దాకా బాధ్యత తీసుకోవడం అందరివల్లా కాదు.

మోడెం ఎక్కడ పెట్టాలి, ఏది కొనాలి

మోడెం పెట్టడానికి ఉత్తమ స్థానం బిల్డరే చూపిస్తాడు. కొత్త టవర్లలో గుమ్మం పక్కన, చెప్పుల అలమర పైన, గోడలో ఒక ఇనప పెట్టె ఉంటుంది. ఫైబర్ అందులోకే వస్తుంది. మోడెం అక్కడే పెట్టించి, రేకు తలుపు మూసి, బిగుతుగా గడియ పెట్టండి. రేడియో తరంగాల్ని ఆపడానికి ఇనప పెట్టెకి మించినది ప్రయోగశాలల్లో కూడా లేదు. ఆ పెట్టె లోపల మాత్రం సిగ్నల్ అద్భుతంగా ఉంటుంది.

గోడల సంగతి కూడా బిల్డరే చూసుకున్నాడు. కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లు చాలావరకు మైవాన్ పద్ధతిలో లేస్తున్నాయి. అల్యూమినియం అచ్చుల్లో ఇనప కడ్డీలు పెట్టి, గోడా శ్లాబూ ఒకేసారి కాంక్రీటుతో పోసేస్తారు. ఇటుక గోడైతే 5 గిగాహెర్ట్జ్ కాస్త సన్నబడినా అవతలికి వెళ్తుంది, ఈ కాంక్రీటు గోడలు రెండు అడ్డొస్తే చివరి బెడ్‌రూమ్‌లో ఒక గీత మిగిలితే గొప్ప. మేకు కొట్టాలంటే డ్రిల్లింగ్ మిషను కావాల్సిన గోడని వైఫై దాటలేదంటే ఆశ్చర్యమేముంది. ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో ప్రతి గదికీ లాన్ వైరు వేసి ఉంటారు కొందరు బిల్డర్లు. స్విచ్ బోర్డు మీద టీవీ సాకెట్ పక్కన చదరపు కన్నం అదే. దాన్ని వాడుకుని లోపలి గదిలో రెండో యాక్సెస్ పాయింట్ పెడితే కథ ముగిసేది. మనం ఆ కన్నానికి స్టిక్కర్ అంటించేద్దాం, పిల్లలు వేలు పెడతారు.

ఇక కొనుగోలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళండి. షాపులో "యాంటెన్నాలు ఎక్కువున్నది చూపించు భాయ్" అనండి. ఎనిమిది యాంటెన్నాలతో, తిరగేసిన సాలీడులా, ఎర్ర లైట్లు మెరుస్తూ ఉన్నది తీసుకోండి. వైఫై 7 ఉందా అని అడగండి. మీ ఇంట్లో ఫోన్లు వైఫై 5వో 6వో కావొచ్చు. అవి తమకి చేతనైనంతే అందుకుంటాయి. ఫర్వాలేదు, ఫోన్లూ మార్చేద్దాం. కంపెనీ ఇచ్చిన మోడెం వైఫై ఆపకుండా, అదే పక్కన కొత్త రూటరు పెట్టి రెండూ ఒకే ఛానల్లో నడిపించండి. మెష్ కొంటే మూడు డబ్బాలూ హాల్లోనే, షోకేసులో వరసగా పెట్టండి, సెట్టు విడదీయడం బాగుండదు. చవగ్గా రిపీటర్ కొంటారా, దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెట్టండి. సిగ్నల్ రాని చోట అది సిగ్నల్ లేమినే శ్రద్ధగా తిరిగి ప్రసారం చేస్తుంది.

అన్నిటికంటే మంచిది, ఫ్రిస్కో నుంచి వచ్చే బావగారి చేత మోడెం తెప్పించుకోవడం. సూట్‌కేసులో ఆవకాయకి ఎదురు ప్రయాణంగా అది వస్తుంది. తెరిచి చూస్తే వెనక టీవీ కేబుల్‌కి బిగించే మర కన్నం ఉంటుంది. అమెరికాలో కేబుల్ కంపెనీ నెట్‌కి అదే కావాలి. మీ ఇంటికి వచ్చేది ఆకుపచ్చ మూతి ఉన్న ఫైబర్, దానికి కంపెనీవాళ్ళు తమ సిస్టమ్‌లో నమోదు చేసిన ఓఎన్‌టీ, అంటే ఫైబర్ మోడెం, తప్ప ఇంకోటి ఎక్కదు. బావగారు నొచ్చుకుంటారు కాబట్టి ఆయన ఉన్నన్నాళ్ళు దాన్ని ప్లగ్గులో పెట్టి ఉంచండి. లైటు బాగానే వెలుగుతుంది.

కరెంటు, స్తంభం

కరెంటు పోతే టవర్‌లో జెనరేటర్ అందుకోవడానికి పది, పదిహేను సెకన్లు. ఆ కాస్త సమయంలో మోడెం ఆరిపోయి, మళ్ళీ లేచి, ఫైబర్ వెలుగు పట్టుకుని, అడ్రసు తెచ్చుకునేసరికి రెండు మూడు నిమిషాలు. క్లయింటు ఈలోపు మీ మేనేజర్‌తో మాట్లాడేస్తాడు. ఓఎన్‌టీలు చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయి. అరచెయ్యంత రూటర్ యూపీఎస్ ఒకటి దొరుకుతుంది, ఒక నెల పెద్ద ప్లాన్ ధరకే. అది ఉంటే మోడెం రెప్ప కూడా వెయ్యదు. ఇంత చవకైన వస్తువుతో ఇంత పెద్ద సమస్య పోవడం నాకు నచ్చదు. మీరు 1 జీబీపీఎస్ తీసుకోండి, మోడెం లేచాక మిగతా కాల్ చాలా వేగంగా నడుస్తుంది.

బ్యాకప్‌గా రెండో కనెక్షన్ తీసుకునేవాళ్ళు కంపెనీ వేరైతే చాలనుకోండి. రెండు కేబుళ్ళూ ఒకే స్తంభం మీంచి, ఒకే డక్ట్‌లోంచి వస్తున్నాయా అని కిందికి దిగి చూడకండి.

ఇక్కడ ఒక్క మాట వేళాకోళం పక్కన పెట్టి చెప్పాలి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్ళు తొలగించడం మొదలుపెట్టింది, కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి, నగరంలో చాలా ఇళ్ళలో నెట్ ఆగింది. ఏళ్ళ తరబడి ఏ తీగ ఎవరిదో తెలియకుండా స్తంభాలకి చుట్టుకుంటూ పోయిన ధర అది. ఆ వారం 40 వాడికీ, 1,000 వాడికీ వచ్చిన వేగం సున్నాయే.

డబ్బు

999 అని ప్రకటనలో ఉంటే 999 అనే నమ్మండి. 18 శాతం జీఎస్టీ కలిపి 1,178 రూపాయల 82 పైసలు కట్టేటప్పుడు చూసుకోవచ్చు. ఏడాది ఒకేసారి కడితే నెలో రెండో ఉచితం అంటారు, కట్టేయండి. మీ అద్దె ఒప్పందం 11 నెలలకే కదా అని సందేహించకండి. మీరు మారబోయే గేటెడ్ కమ్యూనిటీలో అసోసియేషన్ ఒకటి రెండు కంపెనీల్నే లోపలికి రానిస్తుంది, వాటిలో మీది లేకపోతే అది మీ దురదృష్టం, ప్లాన్ తప్పు కాదు.

ఓటీటీలు ఎన్ని వస్తాయో చూసి ప్లాన్ ఎంచుకోండి. అందులో మీరు చూసేది ఒకటే, దానికీ మీ మొబైల్ రీఛార్జిలో ఇప్పటికే చందా ఉంది. అన్‌లిమిటెడ్ అన్నచోట పక్కన చుక్క గుర్తు కనబడితే కళ్ళద్దాలు తీసేయండి. చాలా ప్లాన్లలో నెలకి 3,300 జీబీ దగ్గర గీత ఉంటుందని ఆ చుక్క చెబుతుంది. మామూలు ఇల్లు అంత వాడదు కూడా.

పాత కస్టమర్లకి ఇంకో సులువైన చిట్కా. నాలుగేళ్ళ కింద తీసుకున్న ప్లాన్‌కి నాలుగేళ్ళ కిందటి ధరే కడుతూ, కొత్తవాళ్ళకి అదే డబ్బుకి ఎంత స్పీడు ఇస్తున్నారో ఎప్పుడూ చూడకండి. తనంతట తాను ఫోన్ చేసి "సార్, మీరు ఎక్కువ కడుతున్నారు" అని చెప్పే కంపెనీ ఇంకా పుట్టలేదు. కనెక్షన్ తీసేస్తానంటే రిటెన్షన్ విభాగం నుంచి వేరే గొంతు వస్తుందని, ఆ గొంతు దగ్గర తగ్గింపులుంటాయని చెడు ప్రచారం ఉంది. విశ్వాసం ముఖ్యం.

చివరికి అప్‌గ్రేడ్ అయ్యాక కొత్త మోడెం పట్టుకుని అబ్బాయి వస్తాడు. హెల్మెట్ చంకలో, స్ప్లైసింగ్ డబ్బా భుజాన, రెండు ఫోన్లలో ఒకదానిలో ఎవరితోనో మాట్లాడుతూనే పాతది పీకి కొత్తది అదే ఇనప పెట్టెలో పెడతాడు. ఎండలో రోజంతా తిరిగే మనిషి, మంచినీళ్ళివ్వండి. "సార్, లైటు గ్రీన్ వచ్చింది సార్. స్పీడు అరగంటలో అప్‌డేట్ అయితది. ఓటీపీ చెప్పండి సార్" అంటాడు. ఓటీపీ చెబితే టికెట్ మూసుకుపోతుంది. అరగంట ఆగి, కొలిచి, అప్పుడు చెబుతాననేవాళ్ళు మనుషుల్ని నమ్మనివాళ్ళు. చెప్పేయండి. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ "ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తది సార్, టెన్ ఇవ్వండి, తొమ్మిదిస్తే మాకు కట్టింగ్ అయితది" అని బతిమాలతాడు. పది ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు.

ఆ కాల్ సాయంత్రం ఏదో మీటింగ్ మధ్యలో వస్తుంది. పదికి పది ఇచ్చాక రికార్డు గొంతు మారి, మీ ఏరియాలో ఇంతకంటే పెద్ద ప్లాన్ అందుబాటులో ఉందని, ఆసక్తి ఉంటే 1 నొక్కమని అంటుంది. నొక్కేయండి. లేకపోతే ఏం నొక్కాలో వినేదాకా ఆగకండి.